టర్బో కన్నా ముందు స్టాప్‌వాచ్

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాదికల్లా కాస్త వేగంగా పోయే కారు కొనేసిన ఫ్రెండ్ మీకూ ఒకడు ఉండే ఉంటాడు. కొన్న ఆర్నెల్లకే గోల మొదలవుతుంది. పెద్ద టర్బో వేయించనా? సస్పెన్షన్ మార్పించనా? రీమ్యాప్ చేయిస్తే ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుంది? నన్ను ఎవరైనా ఇలా అడిగితే ముందు ఒక మనిషి గురించి చెప్తాను. పేరు మార్క్ డొనహ్యూ. 1960ల్లో, 70ల్లో అమెరికాలో రేసులు చూసినవాళ్లకి అతను స్టార్ డ్రైవర్. మెకానికల్ చదివిన నాలాంటి వాళ్లకి మాత్రం ముందు ఇంజినీర్, ఆ తర్వాతే డ్రైవర్.

1937లో న్యూజెర్సీలో పుట్టాడు. బ్రౌన్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి 1959లో పట్టా తీసుకున్నాడు. అప్పటికే చేతిలో ఒక 1957 మోడల్ కార్వెట్ ఉంది. దాన్ని కొండదారి పోటీలో దింపితే మొదటిసారే గెలిచేశాడు. అలా చిన్న చిన్న రేసులు గెలుస్తున్న కుర్రాణ్ణి వాల్ట్ హాన్స్‌జెన్ అనే సీనియర్ డ్రైవర్ గుర్తించి పెద్ద రేసుల్లోకి తీసుకొచ్చాడు. 1966లో లె మాన్‌లో టెస్టింగ్ చేస్తూ హాన్స్‌జెన్ ప్రమాదంలో పోయాడు. అదే ఏడాది రోజర్ పెన్స్కీ తన టీమ్‌లోకి డొనహ్యూని పిలిచాడు. జీతం, గ్యారేజీ, కారు అన్నీ పెన్స్కీవి. కారుని ఎలా మార్చాలో తేల్చే పని డొనహ్యూది.

ఆ రోజుల్లో సెటప్ అంటే డ్రైవర్ నాలుగు ల్యాప్‌లు తిరిగొచ్చి, ముందు జారుతోందనో వెనక ఊగుతోందనో చెప్పడం, మెకానిక్ తనకు తోచిన స్ప్రింగ్ మార్చడం. డొనహ్యూకి అది నచ్చలేదు. స్కిడ్‌ప్యాడ్‌ని పట్టుకున్నాడు. పెద్ద గొప్ప పరికరమేమీ కాదది. చదునైన నేల మీద కొలత తెలిసిన ఒక వృత్తం, అంతే. దాని చుట్టూ కారు జారిపోయే అంచు దాకా తిప్పుతూ టైమ్ చూస్తారు. వ్యాసార్థం తెలుసు, టైమ్ తెలుసు కాబట్టి పక్కకి ఎన్ని 'జీ'ల పట్టు దొరుకుతోందో లెక్క వచ్చేస్తుంది. ఇంటర్ ఫిజిక్సే. ముందు టైర్లు బయటికి జారుతుంటే ముందున్న యాంటీ రోల్ బార్‌ని కాస్త మెత్తగా చేయాలి, వెనక జారుతుంటే వెనక బార్‌ని. మళ్లీ తిప్పాలి, మళ్లీ కొలవాలి. ఒక్కసారికి ఒక్కటే మార్పు.

వినడానికి సులువే. బీటెక్ మూడో ఏడాదిలో మేం పోటీకి బగ్గీ కడుతున్నప్పుడు స్ప్రింగులు, టైర్లలో గాలి, డ్యాంపర్ సెట్టింగ్ మూడూ ఒకే మధ్యాహ్నం మార్చేశాం. బండి బాగుపడింది. ఎందుకు బాగుపడిందో ఇప్పటికీ మాలో ఎవడికీ తెలీదు.

1968 ట్రాన్స్-ఆమ్ సిరీస్‌లో డొనహ్యూ కమారో 13 రేసుల్లో 10 గెలిచింది. అన్నీ కొలతల మహిమే అనను. బరువు తగ్గించడానికి కారు బాడీని యాసిడ్‌లో ముంచి రేకుని పల్చబరిచిన ఘనత కూడా ఈ టీమ్‌దే. రూల్స్ అంచు మీద నడవడం వాళ్లకి సరదా. 1972లో ఇండియానాపొలిస్ 500 గెలిచాడు, పెన్స్కీకి అక్కడ అదే మొదటి గెలుపు.

అసలు కథ పోర్షేతో. క్యాన్-యామ్ సిరీస్‌లో ఇంజిన్ సైజుకి పరిమితి లేదు. అక్కడ పెద్ద షెవర్లే ఇంజిన్లు పెట్టుకున్న మెక్‌లారెన్లు ఏళ్ల తరబడి రాజ్యమేలుతున్నాయి. పోర్షే తన 12 సిలిండర్ల 917కి రెండు టర్బోలు తగిలించింది. పొగతో తిరిగే టర్బైన్, దానికి అటువైపు గాలిని ఇంజిన్‌లోకి తోసే కంప్రెసర్. జర్మనీలోని వైసాక్ కేంద్రంలో డైనమోమీటర్ మీద ఆ ఇంజిన్ దాదాపు 1000 హార్స్‌పవర్ చూపించింది. ట్రాక్ మీదికి తెస్తే నడపడానికి రాలేదు. మలుపులో కాలు తీస్తే టర్బైన్ వేగం పడిపోతుంది. మళ్లీ తొక్కితే కాసేపు ఏమీ రాదు, తర్వాత మొత్తం ఒకేసారి వచ్చి వెనక చక్రాలు గిర్రున తిరిగిపోతాయి.

పేపర్ మీద ఇంజిన్ అద్భుతం. తయారు చేసినవాళ్లు గర్వంగానే ఉన్నారు. ఇది పనికిరాదని చెప్పాల్సింది అమెరికా నుంచి వచ్చిన ఒక డ్రైవర్. డొనహ్యూ మొహమాటపడలేదు. ఫుల్ థ్రాటిల్ దగ్గర వచ్చే అంకె కాదు, సగం థ్రాటిల్ దగ్గర ఇంజిన్ ఏం చేస్తోందో చూడమన్నాడు. హెల్ముట్ ఫ్లెగల్, వాలెంటిన్ షేఫర్ లాంటి పోర్షే ఇంజినీర్లతో కూర్చుని, ఆ మధ్య స్థితుల్లో ఇంధనం ఎంత వెళ్లాలో మళ్లీ సరిచేయించాడు. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే డైనో షీట్లలో ఇప్పటికీ అందరూ చూసేది పైనున్న అంకెనే కదా!

కారు దారికొచ్చింది. 1972 జులైలో రోడ్ అట్లాంటాలో టెస్ట్ చేస్తుండగా వెనక బాడీ ఊడిపోయి కారు తునాతునకలైంది. డొనహ్యూ మోకాలు దెబ్బతింది. నెలల తరబడి తను తీర్చిదిద్దిన కారులో జార్జ్ ఫాల్మర్ కూర్చున్నాడు, ఆ ఏడాది చాంపియన్ కూడా అయిపోయాడు. ఫాల్మర్ తప్పేం లేదు. కానీ మంచం మీద నుంచి అది చూడటం డొనహ్యూకి ఎంత కష్టంగా ఉండి ఉంటుందో, మనం రాసిన ప్రాజెక్టుని వేరేవాళ్లు ప్రెజెంట్ చేసినప్పుడు కొంచెం అర్థమవుతుంది.

సీజన్ చివర్లో తిరిగొచ్చి, తర్వాతి ఏడాదికి 917/30 మీద పడ్డాడు. 5.4 లీటర్ల ఇంజిన్, రేసులో సుమారు 1100 హార్స్‌పవర్. గమనించాల్సింది ఏంటంటే, పవర్‌తో పాటు చక్రాల మధ్య దూరాన్ని కూడా పెంచి 2500 మిల్లీమీటర్లు చేశారు, కారు నిలకడగా ఉండటానికి. డ్రైవర్ పక్కనే బూస్ట్ తగ్గించుకునే, పెంచుకునే నాబ్. 1973లో మొదటి రెండు రేసులు చేజారాయి. మిగిలిన ఆరూ డొనహ్యూవే. (మన రోడ్ల మీద ఇలాంటివి చేసే ముందు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒకసారి చదువుకోండి. ఆర్సీలో ఉన్న స్పెసిఫికేషన్ మారితే చిక్కే.)

ఆ సీజన్ అయ్యాక రిటైర్మెంట్ ప్రకటించాడు. ఎక్కువ కాలం ఉండలేకపోయాడు. 1974 చివర్లో పెన్స్కీ ఫార్ములా వన్‌లో అడుగుపెడితే మళ్లీ హెల్మెట్ పెట్టుకున్నాడు. ఆ కారు మాత్రం ఎంత మార్చినా మాట వినలేదు. 1975 సీజన్ మధ్యలో దాన్ని పక్కనపెట్టి మార్చ్ కంపెనీ కారుకి మారారు.

ఆగస్టు 9న టాలడెగా ట్రాక్ మీద పాత 917/30ని బయటికి తీశారు. అంతసేపు ఫుల్ థ్రాటిల్‌లో ఉంటే టర్బో నుంచి వచ్చే గాలి వేడెక్కి ఇంజిన్ దెబ్బతింటుందని ఇంటర్‌కూలర్లు అమర్చారు. ల్యాప్ సగటు గంటకి 355 కిలోమీటర్లు దాటింది, ప్రపంచ రికార్డు. ఎనిమిది రోజులకి ఆస్ట్రియా గ్రాండ్ ప్రి ఉదయం ప్రాక్టీస్‌లో టైర్ పోయి కారు ఫెన్సింగ్‌లోకి దూసుకెళ్లింది. ఒక మార్షల్ చనిపోయాడు. డొనహ్యూ మొదట మామూలుగానే మాట్లాడాడు, తర్వాత తలనొప్పి ఎక్కువైంది. గ్రాజ్ ఆస్పత్రిలో ఆగస్టు 19న కన్నుమూశాడు. వయసు 38.

'ది అన్‌ఫెయిర్ అడ్వాంటేజ్' అనే అతని పుస్తకం అదే ఏడాది వచ్చింది. కార్వెట్ నుంచి పోర్షే దాకా ఒక్కో కారుకి ఏం మార్చాడో, ఏ మార్పు బెడిసికొట్టిందో అందులో వరసగా రాసిపెట్టాడు.