మసక అన్నారు.. ఆమె ఆగలేదు!

మీ ఇంట్లో కుక్క ఉందా? దానికి ఓ మంచి పోర్ట్రెయిట్ తీసి ఫ్రెండ్స్‌కి పంపారనుకోండి. పది నిమిషాల్లో జవాబులు వచ్చేస్తాయి. ఒకరు సూపర్ అంటారు. ఇంకొకరు గుండె బొమ్మ పెట్టి ఊరుకుంటారు. ఫొటోగ్రఫీ కాస్త తెలిసిన సీనియర్ మాత్రం, చెవులు మసగ్గా వచ్చాయి, దీన్ని పోర్ట్‌ఫోలియోలో పెట్టకు అంటాడు. ఇప్పుడు మీరేం చేస్తారు? ఫొటో డిలీట్ చేసేస్తారా? లేక ఆయనకేం తెలుసులే అని సరిపెట్టుకుంటారా?

పెట్ ఫొటోగ్రఫీతో నాలుగు డబ్బులు సంపాదించాలనుకునే వారికే కాదు, రెజ్యూమె రాసేవారికీ, ప్రాజెక్ట్ డెమో ఇచ్చేవారికీ ఈ ఇబ్బంది తప్పదు. ఎవరి మాట వినాలి? ఎంతవరకు వినాలి? సుమారు 160 ఏళ్ల కిందట ఒక మహిళ ఈ ప్రశ్నను ఎదుర్కొన్న తీరు తెలుసుకుంటే మీకు చాలా పనికొస్తుంది. ఆమె పేరు జూలియా మార్గరెట్ కామెరాన్. పోర్ట్రెయిట్ ఫొటోగ్రఫీ చరిత్ర రాసే ఎవరూ ఆమె పేరు వదిలిపెట్టలేరు.

48 ఏళ్లకు తొలి కెమెరా

జూలియా పుట్టింది మన దేశంలోనే. 1815 జూన్ 11న కలకత్తాలో. తండ్రి జేమ్స్ ప్యాటిల్ ఈస్టిండియా కంపెనీ అధికారి. తల్లిది ఫ్రెంచి కుటుంబం. చదువు ఎక్కువగా ఫ్రాన్స్‌లో సాగింది. 1836లో ఆరోగ్యం కోసం దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతానికి వెళ్లినప్పుడు ఇద్దరు పరిచయమయ్యారు. ఒకరు ఖగోళ శాస్త్రవేత్త సర్ జాన్ హెర్షెల్. ఇంకొకరు చార్లెస్ హే కామెరాన్. మన శిక్షాస్మృతికి తొలి ముసాయిదా తయారుచేసిన మెకాలే లా కమిషన్‌లో చార్లెస్ సభ్యుడు. జూలియా కంటే 20 ఏళ్లు పెద్ద. 1838లో కలకత్తాలో వాళ్ల పెళ్లి జరిగింది.

ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తల్లో, 1842లో హెర్షెల్ కొన్ని ఫొటోలను కలకత్తాలో ఉన్న జూలియాకు పంపారు. ఆమె ఆశ్చర్యంగా చూసింది. అంతే! కెమెరా చేతికి రావడానికి మరో 21 ఏళ్లు పట్టింది. ఈలోగా పిల్లల పెంపకం, 1848లో ఇంగ్లండ్‌కు మకాం మార్చడం, 1860లో ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని ఫ్రెష్‌వాటర్‌లో కవి టెన్నిసన్ ఇంటి పక్కన స్థిరపడటం.. ఇలా కాలం గడిచిపోయింది. 1863 డిసెంబరులో కూతురు, అల్లుడు కలిసి ఆమెకు ఒక కెమెరాను కానుకగా ఇచ్చారు. ఒంటరిగా ఉన్నప్పుడు కాస్త కాలక్షేపం అవుతుందని వాళ్ల ఉద్దేశం. అప్పటికి ఆమెకు 48 ఏళ్లు. ఇరవై రెండేళ్లకే ఆలస్యమైపోయిందని బెంగపడుతున్న మీరు ఈ అంకెను ఓసారి గుర్తుపెట్టుకోండి.

ఆమె బొగ్గుల కొట్టును డార్క్‌రూమ్‌గా మార్చింది. అద్దాలు బిగించిన కోళ్ల గూడు స్టూడియో అయింది. అప్పటి పద్ధతి చాలా కష్టం. గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు ద్రావణం పూయాలి. వెండి లవణంలో ముంచాలి. తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే డెవలప్ చేయాలి. వేళ్లు నల్లబడతాయి, బట్టలకు మరకలు పడతాయి. ఎవరూ నేర్పలేదు. మొదట ఓ రైతును కూర్చోబెట్టి ఫొటో తీసింది. గంటల లెక్కన అతనికి డబ్బులూ ఇచ్చింది. తీరా తడి గాజుమీద తన చెయ్యి తనే రాసి బొమ్మ చెరిపేసుకుంది!

నెల తిరగకముందే, 1864 జనవరిలో ఆనీ అనే చిన్నపిల్ల ఫొటో చక్కగా వచ్చింది. దాన్నే తన తొలి విజయమని ఆమె రాసుకుంది.

నిపుణులు ఏమన్నారు?

అదే ఏడాది జూలియా లండన్ ఫొటోగ్రాఫిక్ సొసైటీలో చేరి, తన ఫొటోలు ప్రదర్శనకు పెట్టింది. అక్కడ మొదలైంది అసలు పరీక్ష. ఆ రోజుల్లో మంచి ఫొటో అంటే అంగుళం అంగుళం స్పష్టంగా ఉండాలి. కోటు గుండీలు లెక్కపెట్టగలగాలి. జూలియా ఫొటోల్లో ముఖం పెద్దగా, మెత్తగా, చీకట్లోంచి వెలుగులోకి వస్తున్నట్టు ఉండేది. జుట్టు, దుస్తులు మసకలోకి జారిపోయేవి. వాటితోపాటు దుమ్ము చుక్కలు, వేలిముద్రలు, గీతలు కూడా కనిపించేవి.

సొసైటీ పత్రిక 1865లో ఆమె సాహసాన్ని మెచ్చుకుంటూనే, అందుకోసం ఫొటోగ్రఫీకి కావలసిన మిగతా గుణాలన్నీ వదిలేసిందని రాసింది. 1868లో మరో ఫొటోగ్రఫీ పత్రిక ఇంకా ఘాటుగా వెళ్లింది. చెరిగిపోయిన, చిరిగిన, మురికి పట్టిన ఈ బొమ్మలకూ మంచి ఫొటోగ్రఫీకీ సంబంధం ఏమిటని వెటకారం చేసింది. పిల్లల రచయితగా పేరు పొందిన లూయిస్ కారల్ స్వయంగా ఫొటోగ్రాఫరే. ఆమె కావాలనే ఫోకస్ తప్పిస్తోందనీ, కొన్ని ఫొటోలు బాగున్నా కొన్ని వికారంగా ఉన్నాయనీ ఇంటికి రాసిన ఉత్తరంలో పేర్కొన్నాడు.

మీకు తొలి ఇంటర్వ్యూలోనే ఇలాంటి మాటలు ఎదురైతే? చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు. జూలియా మాత్రం ఆ విమర్శను రెండుగా విడగొట్టుకుంది.

ఒకటి, ఫోకస్ గురించి. ఇందులో ఆమె వెనక్కి తగ్గలేదు. కంటికి అందంగా కనిపించేచోట లెన్స్ తిప్పడం ఆపేస్తానని, అందరూ పట్టుబట్టే దగ్గరిదాకా తిప్పనని చెప్పుకుంది. సరైన ఫోకస్ ఏదో తేల్చే హక్కు ఎవరికుందని హెర్షెల్‌కు రాసిన ఉత్తరంలో ప్రశ్నించింది. మసకదనం ఆమె ఎంచుకున్న దారి. 1865లో ఇంకా పెద్ద కెమెరా కొని, 15 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు గాజు పలకలమీద ముఖాలను దాదాపు నిజ పరిమాణంలో తీసింది.

రెండోది, నెగెటివ్‌ల నాణ్యత గురించి. పలకలమీది పూత తేనెపట్టు గళ్లలా పగిలిపోవడం మొదలైంది. విలువైన 45 నెగెటివ్‌లు అలా పాడయ్యాయి. అప్పుడామె ఏం చేసిందో చూడండి. 1869లో తనను అంతగా తప్పుపట్టిన ఆ సొసైటీ సమావేశానికే వెళ్లి, ఇలా ఎందుకవుతోందో చెప్పమని అడిగింది. సముద్రపు తేమగాలి కారణం కావచ్చని కొందరు, రసాయనాలు సరిగ్గా కడగకపోవడం కావచ్చని మరికొందరు సలహా ఇచ్చారు. తన శైలిని ఒప్పుకోని వాళ్లకు రసాయనాలు బాగా తెలుసని ఆమె గ్రహించింది. మీరు నేర్చుకోవాల్సిన తెలివి ఇదే. ఒక మనిషి చెప్పిన ఒక మాట నచ్చనంతమాత్రాన ఆయన దగ్గరున్న మిగతా జ్ఞానాన్ని వదులుకోకూడదు.

మంచి సలహాదారులు దొరికితే..

విమర్శించేవాళ్లలో జూలియాకు మేలు చేసినవాళ్లూ ఉన్నారు. చిత్రకారుడు జి.ఎఫ్.వాట్స్ వారిలో ముఖ్యుడు. ఆమె ఫొటోలు చూసి ఏది కుదిరింది, ఏది కుదరలేదని చెప్పేవాడు. అయితే ఆయన ఒక షరతు పెట్టాడు. అట్టమీద అందంగా అతికించిన ఖరీదైన ప్రింట్లు పంపొద్దన్నాడు. లోపాలున్న, అతికించని ప్రింట్లే చాలని, వాటితోనూ అంతే బాగా అంచనా వేయగలనని, అప్పుడు ఆమె డబ్బు తీసుకుంటున్నానన్న బాధ తనకు ఉండదని రాశాడు. ఈ ఏర్పాటు ఎంత బాగుందో గమనించారా? చివరి మెరుగులు దిద్దిన పనిని చూపిస్తే మనకు మెప్పే కావాలనిపిస్తుంది. సగంలో ఉన్న పనిని చూపిస్తే సలహా తీసుకోవడం తేలిక. ప్రాజెక్ట్ రిపోర్ట్‌ను బైండింగ్ చేయించాక గైడ్‌కు చూపించే అలవాటుంటే ఇప్పుడే మానేయండి.

హెర్షెల్ మెచ్చుకునే పద్ధతి కూడా నేర్చుకోదగ్గది. 1866లో తీసిన ఒక యువతి పోర్ట్రెయిట్ చూసి, ఫలానా ఫొటోలో తల కాగితంలోంచి ముందుకు పొడుచుకొచ్చి ప్రాణంతో ఉన్నట్టుందని రాశారు. ఏ ఫొటో, అందులో ఏ గుణం.. రెండూ చెప్పారు. వట్టి సూపర్ అనే మాటతో ఎవరికీ ఏమీ తెలియదు. ఇలాంటి మాటతో మాత్రం తర్వాతి ఫొటోలో ఏం నిలుపుకోవాలో తెలుస్తుంది.

సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం అధిపతి హెన్రీ కోల్ 1865లో ఆమె ఫొటోలు కొనిపించాడు. 1868లో మ్యూజియంలోనే రెండు గదులు పోర్ట్రెయిట్ స్టూడియోగా వాడుకోనిచ్చాడు. బెర్లిన్ ప్రదర్శనలో 1865లో కాంస్య పతకం, 1866లో స్వర్ణ పతకం వచ్చాయి. స్వదేశంలో వద్దన్న మసకే విదేశంలో పతకం తెచ్చింది.

ఆమె కెమెరా ముందు కూర్చున్నవారిలో హెర్షెల్, టెన్నిసన్, కార్లైల్, డార్విన్ ఉన్నారు. ఇంట్లో పనిచేసిన మేరీ రయన్ కూడా ఉంది. ప్రదర్శనలో మేరీ ఫొటో చూసి మనసు పారేసుకున్న హెన్రీ కాటన్ 1867లో ఆమెను పెళ్లాడాడు. ఈయన మన గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ కాదు. ఐసీఎస్ అధికారిగా పనిచేసి, 1904లో భారత జాతీయ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించిన హెన్రీ కాటన్.

డబ్బు మాటేమిటి?

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. కామెరాన్ కుటుంబానికి సిలోన్‌లో కాఫీ తోటలు ఉండేవి. వాటి రాబడి తగ్గేకొద్దీ జూలియాకు ఫొటోగ్రఫీ సంపాదన అవసరమైంది. ప్రింట్లు అమ్మకానికి పెట్టింది, 500కు పైగా ఫొటోలకు కాపీరైట్ నమోదు చేయించింది. అయినా ఆ పనితో ఆమె ధనవంతురాలు కాలేదు. ఖర్చులు అలా ఉండేవి. 1875లో భర్తతో కలిసి సిలోన్ వెళ్లిపోయింది. అక్కడ తీసినవి కొద్ది ఫొటోలే. 1879 జనవరి 26న కన్నుమూసింది.

పన్నెండేళ్లకు మించని ఆ ప్రయాణంలో తీసిన వందలాది ఫొటోలు ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. ఆమె చెల్లెలి మనవరాలు, రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1926లో ఆ ఫొటోలను పుస్తకంగా తెచ్చింది. ఒకప్పుడు రెండు గదులిచ్చిన ఆ మ్యూజియం పేరు ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్. 2015లో ఆమె ద్విశతజయంతికి పెద్ద ప్రదర్శన పెట్టింది.

మళ్లీ మీ ఫొటో దగ్గరికి..

జూలియా కాలంలో కుక్క పోర్ట్రెయిట్ తీయడం మాటలు కాదు. మనుషులే నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి. తోక ఊపే ప్రాణి ఎక్కడ ఊరుకుంటుంది? డార్విన్ 1872లో భావోద్వేగాలపై తెచ్చిన పుస్తకంలో మనుషుల ముఖాలకు ఫొటోలు వేశారు కానీ, కుక్కలకు చిత్రకారులు గీసిన బొమ్మలే వాడారు. ఇప్పుడు మీ చేతిలోని ఫోన్ సెకనులో వెయ్యో వంతులో ఆ పని చేసేస్తుంది. కాబట్టి ఫీడ్‌బ్యాక్ కూడా ఇలా అడగండి, ఇలా ఇవ్వండి.

మొదట మీ ఉద్దేశం చెప్పండి. చెవులు మసగ్గా ఉండాలనే తీశారా, అనుకోకుండా అలా వచ్చిందా? కుక్క మూతి పొడవు కాబట్టి లెన్స్ బాగా తెరిస్తే ముక్కు స్పష్టంగా వచ్చి కళ్లు మసకబారతాయి. కళ్లకోసం ప్రయత్నించి ముక్కుకు ఫోకస్ పడితే అది పొరపాటు, దిద్దుకోవాలి. కళ్లు స్పష్టంగా ఉండి చెవులు కరిగిపోతే అది మీ ఎంపిక, నిలబడండి.

అడిగేటప్పుడు ఎలా ఉంది అని వదిలేయొద్దు. కళ్లలో వెలుగు చాలిందా, నల్ల కుక్క బొచ్చు బూడిద రంగులోకి మారిందా అని అడగండి. ప్రశ్న సూటిగా ఉంటే జవాబూ సూటిగా వస్తుంది.

మీరు చెప్పేటప్పుడు ముందు ఎదుటివారు ఏం తీయాలనుకున్నారో కనుక్కోండి. బాగున్నదాన్ని పేరుపెట్టి చెప్పండి. లోపం చెబితే దిద్దే మార్గమూ చెప్పండి. నేలమీద కూర్చుని కుక్క కళ్ల ఎత్తులో తీస్తే బాగుంటుంది అనడం సలహా. అసలేం బాలేదు అనడం సలహా కాదు.

ఈ వారం మీ పనిలో ఒకదాన్ని, అది ఫొటో అయినా రెజ్యూమె అయినా, పూర్తికాకముందే ఇద్దరికి చూపించండి. ఒకరు మీ దారి నచ్చినవారు, ఇంకొకరు నచ్చనివారు అయితే మరీ మంచిది. ఇద్దరు చెప్పిందీ కాగితంమీద రెండు వరుసల్లో రాసుకోండి. దిద్దుకోవాల్సినవి ఒకవైపు, నిలుపుకోవాల్సినవి ఒకవైపు. ఏది ఏ వరుసలోకి వెళ్లాలో నిర్ణయించాల్సింది మాత్రం మీరే.