థామస్ మిడ్జ్లీ

థామస్ మిడ్జ్లీ జూనియర్ (మే 18, 1889 - నవంబర్ 2, 1944) అమెరికా దేశానికి చెందిన ఇంజనీరు, రసాయన పరిశోధకుడు. పెట్రోలు ఇంజనులో పుట్టే నాకింగ్ అనే చప్పుడును అరికట్టడానికి పెట్రోలులో సీసపు సమ్మేళనాన్ని కలిపే పద్ధతిని కనుగొన్నాడు. రెఫ్రిజిరేటర్లలో వాడిన ఫ్రియాన్ కూడా ఇతని పరిశోధనా ఫలితమే. జీవించి ఉండగా ఈ రెండింటికీ గొప్ప పురస్కారాలు పొందాడు. ఇతని మరణానంతరం వాహనాల పెట్రోలులో సీసం, రెఫ్రిజిరేటర్లలో ఆ వాయువు ప్రపంచమంతటా నిషేధానికి గురయ్యాయి.

బాల్యం, విద్య

మిడ్జ్లీ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బీవర్ ఫాల్స్ పట్టణంలో జన్మించాడు. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో పెరిగాడు. తండ్రి కూడా టైర్లకు సంబంధించిన పరికరాలు కనిపెట్టినవాడే. 1911లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుండి మెకానికల్ ఇంజనీరింగులో పట్టా పొందాడు. రసాయన శాస్త్రంలో ఇతనికి డిగ్రీ లేదు. 1916లో డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ నడిపే పరిశోధనశాలలో చేరాడు. ఆ సంస్థ కొంతకాలానికి జనరల్ మోటార్స్‌లో భాగమయింది.

నాకింగ్ సమస్య

పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్ రగిలించిన మంట సిలిండరులో ఒక వైపు నుండి మరొక వైపుకు క్రమంగా వ్యాపించాలి. మంట చేరకముందే మూలనున్న ఇంధన మిశ్రమం వేడికీ, ఒత్తిడికీ తాళలేక తనంతట తానే ఒక్కసారిగా మండితే, ఆ తాకిడికి లోహాన్ని సుత్తితో కొట్టినట్లు చప్పుడు వస్తుంది. దీనినే నాకింగ్ లేదా పింగింగ్ అంటారు. బరువు లాగుతున్నపుడు, ఎత్తు ఎక్కుతున్నపుడు ఇది ఎక్కువగా వినబడుతుంది. అలాగే చాలాకాలం నడిపితే పిస్టన్ దెబ్బతింటుంది. మిశ్రమాన్ని ఎంత ఎక్కువగా నొక్కి మండిస్తే అదే పెట్రోలుతో అంత ఎక్కువ పని జరుగుతుంది. అయితే నొక్కేకొద్దీ నాకింగ్ ఎక్కువవుతుంది. ఆనాటి ఇంజనుల అభివృద్ధికి అడ్డుపడినది ఇదే.

కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ పద్ధతే ఈ చప్పుడుకు కారణమని పలువురు నిందించేవారు. దోషం స్పార్కుది కాదని, ఇంధనానిదేనని మిడ్జ్లీ పీడనాన్ని కొలిచి నిరూపించాడు. తరువాతి కథ విచిత్రమైనది. మంచు కరగకముందే పూసే ఒక అడవి మొక్కకు ఆకుల అడుగుభాగం ఎర్రగా ఉంటుంది. ఎరుపు వలన వేడిని త్వరగా గ్రహిస్తుందేమో, కిరోసిన్‌కు ఎరుపు రంగు వేస్తే అది కూడా త్వరగా ఆవిరి అవుతుందేమో అన్నది కెటరింగ్, మిడ్జ్లీల ఊహ. తగిన రంగు దొరకక అయోడిన్ కలిపారు. నాకింగ్ తగ్గింది! ఆ తరువాత అసలైన ఎరుపు రంగులు కలిపి చూస్తే ఏ ఫలితమూ లేదు. ఊహ తప్పు, ఫలితం మాత్రం నిజం. అయోడిన్ ఖరీదైనది కావడంతో అన్వేషణ కొనసాగింది. అనిలిన్, సెలీనియం, టెల్లూరియం సమ్మేళనాలను పరీక్షించారు. టెల్లూరియం దుర్వాసన బట్టలను, ఒంటిని వదిలేది కాదు. చివరకు మూలకాల పట్టికను ఆధారం చేసుకొని వెతకగా, 1921 డిసెంబరు 9న టెట్రా ఇథైల్ లెడ్ అన్నిటికంటె శక్తిమంతమైనదని తేలింది. సుమారు 1,300 భాగాల పెట్రోలుకు ఒక భాగం చాలు.

విషప్రభావం

1923లో డేటన్‌లో ఈ పెట్రోలు అమ్మకం మొదలయింది. దీనిని ఇథైల్ అనే పేరుతో అమ్మారు. సీసం అన్న మాట పేరులో ఎక్కడా రానివ్వలేదు. అదే సంవత్సరం సీసపు విషప్రభావం వలన మిడ్జ్లీ స్వయంగా కొంతకాలం సెలవు తీసుకోవలసివచ్చింది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే శుద్ధి కర్మాగారంలో మతి చలించి, మూర్ఛలు వచ్చి ఐదుగురు కార్మికులు మరణించారు. ఆ నెలాఖరున మిడ్జ్లీ విలేఖరుల ఎదుట ఈ ద్రవాన్ని చేతులపై పోసుకొని, ఒక నిమిషంపాటు వాసన పీల్చి, ప్రమాదం లేదని ప్రకటించాడు. దాని బాధ అనుభవించినవాడు చేసిన ఈ ప్రదర్శనను ధైర్యమనడం కంటె వంచన అనడమే సబబు. 1925 మేలో అమ్మకాలు నిలిపివేశారు. ప్రభుత్వం నియమించిన సంఘం అభ్యంతరం చెప్పకపోవడంతో 1926లో మళ్ళీ మొదలయ్యాయి.

ఇథైల్ ఆల్కహాలు కూడా నాకింగును తగ్గిస్తుందని మిడ్జ్లీకి తెలుసు. 1920 ప్రాంతంలో దానిపై తానే ప్రయోగాలు చేశాడు. అయితే దానిని ఎక్కువ మోతాదులో కలపాలి, ఎవరైనా తయారుచేసుకోవచ్చు. సీసం మార్గం సంస్థకు ఎక్కువ లాభదాయకం.

ఫ్రియాన్, పురస్కారాలు, మరణం

విషవాయువులు వాడే రెఫ్రిజిరేటర్లకు బదులుగా మిడ్జ్లీ బృందం కనుగొన్న ఫ్రియాన్ 1930లో వెలుగులోకి వచ్చింది. ఇటువంటి వాయువులు ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని 1974లో తెలిసింది. 1987 మాంట్రియల్ ఒప్పందంతో వీటి తొలగింపు ప్రారంభమయింది. మిడ్జ్లీ 1941లో ప్రీస్ట్లీ పతకాన్ని అందుకొన్నాడు. 1944లో అమెరికన్ కెమికల్ సొసైటీ అధ్యక్షుడుగా ఉన్నాడు. 1940లో పోలియో సోకి కాళ్ళు చచ్చుబడగా, మంచం నుండి లేవడానికి తాళ్ళు, కప్పీలతో ఒక సాధనం అమర్చుకొన్నాడు. ఆ తాళ్ళే మెడకు చుట్టుకొని 55వ యేట మరణించాడు. ఇది ప్రమాదమా, ఆత్మహత్యా అన్న విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి.

సీసం తొలగింపు

సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. వాతావరణంలో అది ఎంతగా పేరుకుందో క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త 1960లలో లెక్కకట్టి చూపాడు. అమెరికాలో రోడ్డు వాహనాలకు 1996లో, భారతదేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుండి సీసపు పెట్రోలు నిలిచిపోయింది. చివరగా 2021లో అల్జీరియా ఆపివేసింది.

ఆక్టేన్ సంఖ్య, నేటి వాహనాలు

పెట్రోలు నాకింగును ఎంతవరకు తట్టుకుంటుందో ఆక్టేన్ సంఖ్య తెలుపుతుంది. ఈ కొలతను 1926 ప్రాంతంలో ఇథైల్ సంస్థలోనే గ్రాహం ఎడ్గర్ రూపొందించాడు. ఇందులో ఐసో ఆక్టేన్‌కు 100, సాధారణ హెప్టేన్‌కు 0. ఈ సంఖ్య శక్తికి కొలత కాదు. 91 చాలునని తయారీదారు చెప్పిన ఇంజనులో 95 పోస్తే డబ్బు ఖర్చు తప్ప బలం పెరగదు. అమెరికాలో సంఖ్యను వేరే పద్ధతిలో లెక్కిస్తారు. అక్కడి 87 మన 91కి దాదాపు సమానం.

రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ, మొయినాబాద్ మండలాల నుండి కూరగాయలు, పూలు హైదరాబాదు మార్కెట్లకు చేర్చే పికప్ వాహనాలు చాలావరకు డీజిలువి. వాటికి ఆక్టేన్‌తో పనిలేదు. డీజిలు తనంతట తానే త్వరగా మండాలి, దాని కొలత సీటేన్ సంఖ్య. పెట్రోలుతో నడిచే చిన్న లోడు బండ్లకు మాత్రం వాహనపు పుస్తకంలో సూచించిన ఆక్టేన్ పాటించాలి. సరైన పెట్రోలు పోసినా బరువు మీద చప్పుడు వస్తుంటే, పరిమితికి మించిన లోడు, పెద్ద గేరులో ఎత్తు ఎక్కించడం, సిలిండరులో పేరుకున్న మసి, ఇంజను వేడెక్కడం, స్పార్కు ముందుగా పడడం వంటి కారణాలను చూడాలి. కొత్త ఇంజనులలో నాక్ సెన్సరు చప్పుడును పసిగట్టి స్పార్కును కొద్దిగా ఆలస్యం చేస్తుంది. మిడ్జ్లీ పక్కనపెట్టిన ఆల్కహాలే 2025 నాటికి భారతదేశపు పెట్రోలులో 20 శాతం దాకా చేరింది. దాని ఆక్టేన్ సంఖ్య 100కు పైనే.