నీడను పట్టిన రాంట్‌జన్

ఈసారి మన గోడపత్రికలో శాస్త్రవేత్త జీవితం రాసే వంతు నాకు వచ్చింది. నేను రాంట్‌జన్‌ను ఎంచుకున్నాను. గోదావరిఖనిలో ఈయన పేరు తెలియని ఇండ్లు ఉంటాయి గానీ ఈయన పని తెలియని ఇల్లు ఉండదు. బాయి పని చేసేటోళ్లకు కొన్నేండ్లకొకసారి ఛాతీకి ఎక్స్‌రే తీస్తరు గదా, అది కనిపెట్టింది ఈయనే.

విల్‌హెల్మ్ కన్రాడ్ రాంట్‌జన్ 1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్‌లో ఒక బట్టల వ్యాపారి ఇంట జన్మించెను. చదువు సాఫీగా సాగలేదు. హాలెండ్ బడిలో ఎవరో తోటి పిల్లవాడు సారు బొమ్మను వెక్కిరింతగా గీస్తే, వాని పేరు చెప్పనందుకు ఈయనను బడి నుండి తీసివేశారు. తర్వాత జూరిచ్ పోయి 1869లో డాక్టరేటు పొందాడు. 1872లో బెర్తాను పెండ్లి చేసుకున్నాడు. పిల్లలు లేనందున ఆమె అన్నదమ్ముని బిడ్డను పెంచుకున్నారు.

1895 నవంబరు 8 నాడు వుర్జ్‌బర్గ్ పట్టణంలో చీకటి గదిలో ప్రయోగం చేస్తున్నాడు. గాలి తీసేసిన గాజుగొట్టంలోకి కరెంటు పంపాడు. గొట్టానికి నల్ల అట్ట కప్పి ఉంది. అయినా దూరంగా ఉన్న, రసాయనం పూసిన కాగితం మెరిసింది! మధ్యలో చెయ్యి పెడితే ఎముకల నీడ కనబడింది. కొన్ని వారాలు తిండి, నిద్ర కూడా ఆ గది దగ్గరే.

కానీ కరెంటు ఆపగానే కాగితం మీది నీడ పోతుంది. రేపు ఇంకొకరికి చూపించాలంటే ఎట్ల? అందుకని ఫోటోలు తీసే గాజు పలకను పెట్టాడు. డిసెంబరు 22న బెర్తా చెయ్యిని పలక మీద సుమారు 15 నిమిషాలు ఉంచాడు. వేళ్ల ఎముకలు, ఉంగరం వచ్చాయి. ఆమె చూసి భయపడిందట, పాపం.

నాకు ఇదే ముఖ్యమనిపించింది. కిరణం ఒక్కటే, దాని నీడను పట్టే పలక మాత్రం మారుతూ వచ్చింది. 1913లో బెర్లిన్‌లో సాలమన్ అనే సర్జన్, ఆపరేషన్‌లో తీసేసిన సుమారు 3000 రొమ్ములకు ఎక్స్‌రేలు తీసి క్యాన్సర్ గుర్తులు వెతికాడు. తర్వాత బతికున్న స్త్రీలకే తీయసాగారు. దాన్ని మామోగ్రఫీ అంటారు. (చెల్లెళ్లారా, నవ్వకండి. ఇది మన సంగతే.)

చాలా ఏండ్లు దానికి ఫిల్మే వాడారు. ఫిల్ములో కొవ్వు నల్లగా, పాల గ్రంథులు తెల్లగా వస్తయి. క్యాన్సర్ గడ్డ కూడా తెల్లగనే వస్తది. వయసులో ఉన్నోళ్లకు గ్రంథులు ఎక్కువ గనుక పగిలిన పత్తిచేన్ల కొంగను వెతికినట్టే. పైగా ఫిల్మును ఒకసారి కడిగినాక నలుపు తెలుపులు మార్చలేము. డిజిటల్ పలకలో చిన్న చిన్న గళ్లుంటయి. ఒక్కో గడి తన మీద పడ్డ కిరణాన్ని అంకెగా మారుస్తది. కంప్యూటర్ తెర మీద వెలుతురు పెంచి, తగ్గించి చూడవచ్చు. అట్లని ఫిల్మును తీసిపారేయలేము. బాగా సన్నని గీతలను ఫిల్మే ఎక్కువ విడదీసి చూపుతుంది.

అమెరికా, కెనడాలలో 49,528 మంది స్త్రీలను చేర్చుకొని రెండు విధాలా తీసి చూశారు. 2005లో ఫలితం చెప్పారు. మొత్తం మీద రెండూ సమానమే. కానీ 50 ఏండ్ల లోపు వారికి, గ్రంథులు దట్టంగా ఉన్నవారికి డిజిటలే మెరుగు.

మా పెద్దమ్మకు అప్పుడు నలభై ఏండ్లు. సిగ్గుపడి గడ్డను ఆరు నెలలు దాచింది. తీసిన ఫిల్ము అంతా తెల్లగ వచ్చింది, ఏమీ తేలలేదు. ఇప్పుడు ఆమె లేదు. దాచినందుకా, ఫిల్ము వల్లనా అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతది.

రాంట్‌జన్ తన కిరణాలకు పేటెంటు తీసుకోలేదు. అందరికీ అందాలన్నది ఆయన పట్టుదల. ఫిజిక్సులో మొట్టమొదటి నోబెల్ 1901లో ఆయనకే వచ్చింది. ఆ డబ్బును వుర్జ్‌బర్గ్ యూనివర్సిటీకి ఇచ్చేశాడు. యుద్ధం తర్వాత జర్మనీలో ధరలు మండి ఆయన దాచుకున్న సొమ్ము కరిగిపోయింది. 1919లో బెర్తా పోయింది. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిచ్‌లో పేగు క్యాన్సర్‌తో ఆయనా కన్నుమూశాడు. తన ప్రయోగాల కాగితాలను కాల్చివేయమని ముందే రాసిపెట్టాడు. అట్లనే కాల్చివేసి, ఆయనను గీసెన్ పట్టణంలో సమాధి చేశారు.