కలమే జీవనాధారంగా కాలాపానీలో: మౌలానా జాఫర్ థానేశ్వరీ

1866 జనవరి 11న పోర్ట్ బ్లెయిర్ రేవులో దిగిన ఖైదీలలో థానేశ్వర్‌కు చెందిన ఒక అర్జీ లేఖరి ఉన్నారు. ఆయన ఆస్తిని ప్రభుత్వం అప్పటికే జప్తు చేసింది. భార్యాబిడ్డలు వేల మైళ్ల దూరంలో ఉండిపోయారు. మొదట ఉరిశిక్ష పడి, అది యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మారిన ఆ వ్యక్తి వద్ద మిగిలినది అక్షరజ్ఞానం ఒక్కటే. ఆయనే మౌలానా మహమ్మద్ జాఫర్ థానేశ్వరీ.

అండమాన్ అనగానే నేడు అందరికీ సెల్యులర్ జైలు స్ఫురిస్తుంది. థానేశ్వరీ అక్కడ గడిపిన కాలానికి ఆ జైలు లేదు. దాని నిర్మాణం 1896లో ప్రారంభమై 1906లో పూర్తయింది. 1858లో నెలకొల్పిన నాటి శిక్షా స్థావరం ఒక వింత సమాజం. రాస్ దీవిలో అధికారుల నివాసాలు, చుట్టూ అడవి, దానిని నరికే ఖైదీలు. కొంతకాలం సత్ప్రవర్తనతో గడిపిన ఖైదీలు అనుమతిపత్రం పొంది, స్వయంగా సేద్యమో, వృత్తో చేసుకొని బ్రతకవచ్చు. పెళ్లి కూడా చేసుకోవచ్చు. ఖైదీలను నిలబెట్టేది వారి చేతిపని, వారికున్న పేరు.

ఆ రెండింటి విలువ థానేశ్వరీకి ముందే తెలుసు. ఇప్పటి హర్యానాలోని థానేశ్వర్‌లో 1838 ప్రాంతంలో ఆయన సామాన్య కుటుంబంలో జన్మించారు. యౌవనంలోనే కచేరీ వద్ద అర్జీలు రాయడం వృత్తిగా స్వీకరించారు. అర్జీ లేఖరికి నెలజీతం ఉండదు. చట్టం తెలిసినవాడన్న మాట ఒకరి నోట మరొకరికి పాకితేనే కక్షిదారులు వెతుక్కుంటూ వస్తారు. గుమాస్తాల మొదలు మేజిస్ట్రేటు దాకా పరిచయం లేనిదే పని సాగదు. ఆ విద్యలో ఆయన ఎంత ఆరితేరారంటే, కొద్ది సంవత్సరాలలోనే లంబర్దారు హోదాకు ఎదిగారు.

ఆయనను చెరసాలకు చేర్చినవి కూడా ఒక విధంగా ఆ పరిచయాలే. సయ్యద్ అహ్మద్ బరేల్వీ అనుయాయులు వాయవ్య సరిహద్దులో ఆంగ్లేయులతో పోరాడుతున్న రోజులవి. వారికి పాట్నా నుంచి రహస్యంగా డబ్బు, మనుషులు వెళ్లే దారిలో థానేశ్వర్ ఒక మజిలీ. 1863 చివర ఈ సంగతి బయటపడగానే ఆయన తప్పించుకొని పోయారు, కాని అలీగఢ్‌లో పట్టుబడ్డారు. అంబాలా న్యాయస్థానం 1864 మే 2న ఉరిశిక్ష విధించింది. ముద్దాయిలు దానిని వీరమరణంగా భావించి సంతోషిస్తున్నారని గ్రహించిన ప్రభుత్వం, వారికి ఆ సంతోషం దక్కకుండా శిక్షను ద్వీపాంతరవాసంగా మార్చింది.

అండమాన్‌లో చదువు వచ్చినవారి కొరత తీవ్రంగా ఉండేది. ఖైదీల లెక్కలు, రేషన్ పట్టికలు, ఉత్తర ప్రత్యుత్తరాలు రాయడానికి గుమాస్తాలు దొరకక, అధికారులు ఖైదీలలోనే వారిని వెతుక్కునేవారు. అందువల్ల థానేశ్వరీ చేతికి గొడ్డలికి బదులు కలం వచ్చింది. అయితే ఆయన కచేరీ ఉద్యోగంతో సరిపెట్టుకోలేదు. ఆంగ్ల అధికారులు ముందుకు సాగాలంటే హిందుస్తానీ పరీక్షలో ఉత్తీర్ణులు కావలసి ఉండేది. ఆ అవసరాన్ని కనిపెట్టి ఆయన వారికి ఉర్దూ, పారశీకం బోధించసాగారు. ఒక అధికారి పరీక్షలో నెగ్గితే మరొకరికి మున్షీ పేరు తెలుస్తుంది. శిష్యుల సాంగత్యంలో తానూ ఇంగ్లీషు నేర్చుకొని, తోటి ఖైదీల మొరలను ప్రభుత్వ భాషలోనే రాసిపెట్టగలిగారు. థానేశ్వర్‌లో వదిలివచ్చిన వృత్తి సముద్రం దాటి మళ్లీ ఆయన దరి చేరింది. అక్కడే ఆయన ఒక మహిళా ఖైదీని వివాహమాడి పిల్లల తండ్రి అయ్యారు.

ఇలా కూడగట్టుకున్న విశ్వాసానికి 1872లో గట్టి పరీక్ష ఎదురైంది. ఫిబ్రవరి 8న హోప్‌టౌన్ రేవు వద్ద షేర్ అలీ అనే పఠాన్ ఖైదీ వైస్రాయి లార్డ్ మేయోను కత్తితో పొడిచి చంపాడు. ప్రభుత్వం దృష్టి సహజంగానే వహాబీ ఖైదీలపై పడింది. వారి కుట్ర ఉన్నట్లు రుజువు కాలేదు. అప్పటికే డబ్ల్యు.డబ్ల్యు. హంటర్ భారతీయ ముస్లింలపై వెలువరించిన గ్రంథం థానేశ్వరీని సామ్రాజ్య ద్రోహులలో ఒకరిగా లోకానికి చూపింది. పగలు అధికారులకు పాఠం చెబుతూ, వారి పుస్తకాలలో శత్రువుగా కనిపించే బ్రతుకు ఆయనది. ఆ కత్తి అంచున ఏళ్ల తరబడి నడవడం తేలికైన పని కాదు.

లార్డ్ రిపన్ హయాంలో విడుదల ఉత్తర్వులు వచ్చాయి. 1883 నవంబరులో ఆయన కుటుంబంతో సహా దీవులను వీడారు. ఒంటరిగా సంకెళ్లతో వచ్చిన మనిషి ఆలుబిడ్డలతో, కూడబెట్టిన సొమ్ముతో తిరిగి వెళ్లడాన్ని ఆయన దైవానుగ్రహంగానే భావించారు.

అనంతరం ఉర్దూలో రాసిన ఆత్మకథ కాలాపానీ పేరుతో ప్రసిద్ధి చెందింది. అంతకు ముందు ఫజ్లే హక్ ఖైరాబాదీ అండమాన్ చెరను గురించి అరబ్బీలో రాసి, 1861లో అక్కడే కన్నుమూశారు. బ్రతికి వచ్చి, సామాన్య పాఠకుల భాషలో ఆ కథ చెప్పినవారిలో థానేశ్వరీ తొలివారిలో ఒకరు. ఆ పుస్తకంలో పశ్చాత్తాపపడే ఖైదీ కంటే, తన నైపుణ్యం ఎంతటిదో పాఠకునికి తెలియాలని కోరుకునే వృత్తినిపుణుడే ఎక్కువగా కనిపిస్తాడు. ఆయన రాసిన సయ్యద్ అహ్మద్ జీవిత చరిత్రపై మాత్రం తర్వాతి చరిత్రకారులు ఆక్షేపణ తెలిపారు. ఆ పోరాటం ఆంగ్లేయులపై కాదు, సిక్కులపైనే సాగిందని చూపేందుకు ఆయన ఆధారాలను మార్చారన్నది వారి అభియోగం. అర్జీ రాసేవాడు కక్షిదారు పక్షాన మాటలను ఎంచుకుంటాడు. ఇక్కడ కక్షిదారు తన గురువర్గమే అయినప్పుడు ఆ అలవాటు పోలేదేమో. పోలీసుల నిఘా నీడలో రాసిన పుస్తకమన్న సంగతినీ మరువరాదు.

థానేశ్వరీ 1905లో మరణించారు. పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులర్ జైలు పూర్తి కావడానికి అప్పటికి ఇంకా ఏడాది ఉంది.