లూయీకి కార్నెట్ ఇచ్చిన మాస్టారు



లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. పేరు గుర్తులేకపోయినా ‘వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్’ పాడిన ఆ బొంగురు గొంతు ఏదో ఒక సినిమాలోనో ప్రకటనలోనో మీ చెవిన పడే ఉంటుంది. ఈ నెల నేను చెప్పబోయేది ఆయనకు నేర్పిన మాస్టారు జో ఆలివర్ గురించి. జాజ్ లోకం ఆయన్ని ‘కింగ్’ ఆలివర్ అంది. లూయీ మాత్రం చివరిదాకా ‘పాపా జో’ అనే పిలిచాడు.

అమెరికాకు దక్షిణాన, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న ఊరు న్యూ ఆర్లీన్స్. అక్కడ నల్లజాతివాళ్ల వాడల్లో ఎవరైనా పోతే బ్యాండు రావలసిందే. శ్మశానానికి వెళ్లేటప్పుడు నెమ్మదిగా, తిరిగి వచ్చేటప్పుడు హుషారుగా వాయించేవారు. మన ఊళ్లలో డప్పుల వెంట పిల్లలు పరిగెత్తినట్టే అక్కడ పిల్లలు బ్యాండు వెనకాల గంతులేస్తూ నడిచేవారు. ఆ గుంపులో లూయీ ఒకడు. ముందు కార్నెట్ ఊదుతూ వెళ్లేవాళ్లలో ఆలివర్ ఒకడు. కార్నెట్ అంటే మన పెళ్లి బ్యాండులో కనిపించే ట్రంపెట్‌కి తమ్ముడు, కాస్త పొట్టిది.

ఆలివర్‌కి ఒక కన్ను కనిపించేది కాదు. భారీ మనిషి, భోజనప్రియుడు. కార్నెట్ మూతికి కప్పో, గ్లాసో, టోపీయో అడ్డం పెట్టి దానిచేత ఏడిపించేవాడు, నవ్వించేవాడు.

లూయీ 1901లో పుట్టాడు. తండ్రి వదిలేసి వెళ్లిపోయాడు, తల్లి చాలా కష్టపడి పెంచింది. 1912 డిసెంబర్ 31 రాత్రి, అందరూ కొత్త సంవత్సరం సందడిలో ఉండగా, ఈ పిల్లాడు వీధిలో పిస్తోలు గాల్లోకి పేల్చి పోలీసులకు దొరికాడు. పిల్లల సంస్కరణ గృహానికి పంపారు. అక్కడ పీటర్ డేవిస్ అనే మాస్టారు మొదట్లో వీణ్ణి నమ్మలేదు. తర్వాత బ్యాండులోకి తీసుకుని కార్నెట్ నేర్పాడు. ఒక టీచర్‌గా నాకు ఈ ముక్క దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. ‘వీడింతే’ అని ఆయన రికార్డులో రాసేసి ఊరుకుంటే తర్వాత కథే లేదు కదా.

బయటికొచ్చాక బొగ్గు బండి తోలుతూ, దొరికినచోట వాయిస్తూ తిరిగే లూయీని ఆలివర్ చేరదీశాడు. ఫీజు ఏమీ లేదు. ఆలివర్ గారి భార్యకు బజారు పనులు చేసిపెట్టేవాడు, బదులుగా పాఠం దొరికేది. ఆవిడ అన్నం, రాజ్మా వండి పెట్టేది. ఒకరోజు ఆలివర్ తను వాడిన పాత కార్నెట్‌నే వాడి చేతిలో పెట్టాడు. 1918లో ఆలివర్ షికాగో వెళ్లిపోతే, కిడ్ ఓరీ బ్యాండులో ఖాళీ అయిన ఆయన చోటు లూయీకే వచ్చింది.

1922లో ఆలివర్ దగ్గర్నుంచి టెలిగ్రామ్: షికాగో వచ్చి మా బ్యాండులో రెండో కార్నెట్ వాయించు. తల్లి కట్టిచ్చిన చేప శాండ్‌విచ్‌తో లూయీ రైలెక్కాడు. లింకన్ గార్డెన్స్ అనే హాల్లో గురుశిష్యులిద్దరూ, కాగితం మీద ఒక్క ముక్క రాసుకోకుండా, ఒకేసారి జంటగా వాయిస్తుంటే వినేవాళ్లు నోరెళ్లబెట్టారు. గురువు ఏం వాయించబోతున్నాడో శిష్యుడు ముందే పసిగట్టేసేవాడు. 1923లో రిచ్‌మండ్ అనే ఊళ్లో రికార్డింగ్ జరిగింది. లూయీ ఊదుడు జోరుకి మిగతావాళ్లు వినబడక అతన్ని దూరంగా వెనక్కి నిలబెట్టారని చెబుతారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాచిపెట్టను. అదే బ్యాండులో పియానో వాయించే లిల్ హార్డిన్ 1924లో లూయీని పెళ్లి చేసుకుంది. లూయీ తన దగ్గరున్నంత కాలం తనను దాటి ముందుకు పోలేడని ఆలివర్ తనతో అన్నట్టు ఆవిడ తర్వాత చెప్పింది. అంత ప్రేమగా నేర్పిన మనిషికీ ఆ భయం ఉండేది. ఆవిడ పట్టుబట్టి భర్తను అదే ఏడాది అక్కణ్నుంచి బయటికి తెచ్చింది. నన్నడిగితే ఆవిడ చేసిందే రైటు. లూయీ మాత్రం గురువు మీద ఒక్క చెడ్డమాట రానివ్వలేదు.

తర్వాత ఆలివర్‌కి అన్నీ ఎదురే తగిలాయి. 1927లో న్యూయార్క్‌లోని కాటన్ క్లబ్ పిలిస్తే ఇచ్చే డబ్బు చాలదని ఒప్పుకోలేదు. ఆ అవకాశం డ్యూక్ ఎలింగ్టన్‌కి వెళ్లింది, ఆయన దశ తిరిగింది. ఆలివర్‌కి చిగుళ్ల జబ్బు ముదిరి పళ్లు ఊడిపోయాయి. పళ్లు లేనిదే కార్నెట్ పలకదు. ఆర్థిక మాంద్యంలో బ్యాంకు మునిగి దాచుకున్నదంతా పోయింది.

1937లో లూయీ తన బ్యాండుతో సవానా అనే ఊరు వెళ్లాడు. అప్పటికి ఆయన దేశమంతా తెలిసిన స్టార్. అక్కడ వీధిలో కూరగాయలు అమ్ముతూ పాపా జో కనిపించాడు. లూయీ జేబులో ఉన్నదంతా తీసి ఇచ్చేశాడు, బ్యాండులోని పాతవాళ్లూ తలాకొంత వేశారు. ఆ రాత్రి ప్రోగ్రాంకి ఆలివర్ వచ్చాడు. మంచి బట్టలు వేసుకుని, వెనకటి కింగ్ లాగే తయారై, స్టేజీ పక్కన నిలబడి శిష్యుడి కచేరీ విన్నాడు.

1938 ఏప్రిల్‌లో ఆ ఊళ్లోనే ఆయన చనిపోయాడు. ఇంటద్దెకు దాచుకున్న డబ్బు పెట్టి అక్క శవాన్ని న్యూయార్క్ తెప్పించింది. అంత్యక్రియలకు లూయీ వచ్చాడు.