పల్లేడియంను కనుగొని పేరు దాచుకొన్న డాక్టర్ వోలాస్టన్

మా పెద్దమ్మగారికి ఒక తెల్లని బ్రోచి ఉండేది. మధ్యలో ఒక నీలం, దాని చుట్టూ చిన్న చిన్న రవ్వలు. ఉగాదినాడు, పెళ్ళిళ్ళనాడు పైటకు పెట్టుకొని, రాత్రికి మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టెలో దాచేది. ఇంటిల్లిపాదీ దానిని వెండి బ్రోచి అనే పిలిచేవాళ్ళం. వెండి గిన్నెలను చింతపండుతో తోముతూ, ఇది మాత్రం ఎందుకు నల్లబడదు అని ఆమె తరచు ఆశ్చర్యపడేది. 1974లో ఆమె పోయిన తరువాత పాత వెండి సామాను అంతా అమ్మివేశారు. కొన్నవాడు రాళ్ళు ఊడదీసి పక్కన పెట్టి, లోహాన్ని గిన్నెలతోపాటు తక్కెడలో వేసి వెండి ధర కట్టాడు. అటు తరువాత చాలా కాలానికి పెదనాన్నగారి కాగితాలలో 1947 నాటి రసీదు దొరికింది. అందులో వెండి అని లేదు. పల్లేడియం అని ఉంది.

ఆ మాట పట్టుకొని వెదుకుతూ పోగా నాకు డాక్టర్ విలియం హైడ్ వోలాస్టన్ జీవితం పరిచయమైనది. పాత నగలు కూడబెట్టే అభిరుచి గలవారు మన డర్బన్‌లోనూ, ఇతర పట్టణాలలోనూ ఉన్నారు. మన ఇళ్ళలోనే అమ్మమ్మల పెట్టెలలో ఇటువంటివి ఉండవచ్చు. అందువలన ఈ మహనీయుని కథ మన పిల్లలకు చెప్పదగినదని తోచి వ్రాస్తున్నాను.

వోలాస్టన్ 1766 ఆగస్టు 6న ఇంగ్లండులో నార్ఫోక్ మండలంలోని ఈస్ట్ డెరెహామ్‌లో జన్మించాడు. తండ్రి ఫ్రాన్సిస్ వోలాస్టన్ క్రైస్తవ మతాచార్యుడు; ఖగోళశాస్త్రంపై ఆసక్తితో ఇంటివద్దనే నక్షత్రాలను పరిశీలించినవాడు. ఆ దంపతులకు పదిహేడుమంది సంతానం. అంతమందిలో పెరిగిన పిల్లవాడు తరువాత జీవితమంతా ఒంటరిగా, తలుపు వేసుకొని పనిచేయడానికి ఇష్టపడ్డాడంటే అందులో వింత ఏమీ లేదని నా అభిప్రాయం. చార్టర్‌హౌస్ పాఠశాలలోను, కేంబ్రిడ్జిలోని కీస్ కళాశాలలోను చదివి 1793లో వైద్యపట్టం పుచ్చుకొన్నాడు. ఆ సంవత్సరమే రాయల్ సొసైటీలో సభ్యుడయ్యాడు. పల్లెపట్టణాలలో కొంతకాలం వైద్యం చేసి, 1797లో లండన్ చేరాడు.

అయితే వైద్యవృత్తి ఆయన మనసుకు పట్టలేదు. రోగుల బాధ చూచి తట్టుకోలేని సున్నితహృదయుడని చెబుతారు. లండన్‌లోని ఒక ఆసుపత్రిలో వైద్య పదవికి పోటీచేసి ఓడిపోవడం కూడ ఒక కారణం. 1800లో వైద్యం వదలివేశాడు. చేతిలో ఉద్యోగం లేదు. కేంబ్రిడ్జి నాటి స్నేహితుడు స్మిత్సన్ టెనెంట్‌తో కలిసి, ఎవరికీ లొంగని ఒక లోహంతో వ్యాపారం చేయాలని నిశ్చయించాడు. అదే ప్లాటినం.

ఆ రోజులలో ప్లాటినం ఖనిజం దక్షిణ అమెరికాలో, ఇప్పటి కొలంబియా దేశపు నదుల ఇసుకలో దొరికేది. స్పెయిన్ ప్రభుత్వం కన్నుగప్పి జమైకా మీదుగా ఇంగ్లండుకు దొంగరవాణాగా వచ్చేది. 1800 డిసెంబరులో, క్రిస్మస్ ముందురోజున, ఈ స్నేహితులిద్దరూ దాదాపు 6,000 ఔన్సుల ఖనిజాన్ని సుమారు 800 పౌన్లకు కొన్నారు. ఉద్యోగం లేని మనిషికి అది చిన్న సాహసం కాదు. ప్లాటినాన్ని అప్పటి కొలిమిలో కరగించడం ఎవరికీ సాధ్యం కాలేదు. సుత్తితో కొడితే పగిలిపోయేది. దానిని మెత్తగా, రేకుగా సాగేటట్లు చేయగలిగినవాడికి అదృష్టం పండినట్లే.

వోలాస్టన్ పద్ధతి ఇది. ఖనిజాన్ని ద్రవరాజంలో, అంటే బంగారాన్ని సైతం కరగించే ఆమ్లాల మిశ్రమంలో కరగిస్తాడు. అందులో నవసాగరం కలిపితే ప్లాటినం పసుపుపచ్చని పొడిగా అడుగుకు దిగుతుంది. ఆ పొడిని కాల్చగా మిగిలిన బూడిదరంగు లోహాన్ని మెత్తగా నూరి, నీటితో తడిపి, అచ్చులో గట్టిగా అదిమి, ఎర్రగా కాల్చి సుత్తితో కొడతాడు. కరగించకుండానే దిమ్మ తయారవుతుంది. ఈ రహస్యాన్ని ఆయన దాదాపు తన ప్రాణం ఉన్నంతవరకూ బయటపెట్టలేదు.

మన కథకు కావలసినది మాత్రం ప్లాటినం దిగిపోయిన తరువాత పాత్రలో మిగిలిన నీళ్ళు. ఇతరులైతే పారబోసి ఉండేవారు. వోలాస్టన్ పారబోయలేదు. ఆ ద్రవంలోనుంచి మిగిలిన లోహాలను వేరుచేసి పరిశీలించగా, 1802లో ఇంతవరకు ఎవరూ ఎరుగని తెల్లని లోహం ఒకటి తేలింది. ముందు ఆకాశంలో కొత్తగా కనబడిన సెరీస్ పేర సెరీసియం అని తన పుస్తకంలో వ్రాసుకొన్నాడు. తరువాత ఆ సంవత్సరం మార్చిలో ఓల్బర్స్ కనుగొన్న పల్లాస్ అనే మరొక చిన్న గ్రహం పేర పల్లేడియం అని మార్చాడు. పల్లాస్ అనేది గ్రీకుల జ్ఞానదేవత అయిన ఎథీనాకు మరొక పేరు. మిగిలిన ద్రవంలోనే రోడియం అనే మరొక లోహం కూడ ఆయనకు దొరికింది. అడుగున కరగకుండా ఉన్న నల్లని మట్టిలో టెనెంట్‌కు ఇరిడియం, ఆస్మియం దొరికాయి. ఒక్క ఖనిజంలో ఇద్దరు మిత్రులకు నాలుగు కొత్త లోహాలు.

ఇక్కడ వోలాస్టన్ చేసిన పని విచిత్రమైనది. కొత్త లోహం దొరికిందని సభలో చెబితే, ఎందులో దొరికిందని అడుగుతారు. అది చెబితే ప్లాటినం వ్యాపార రహస్యం బయటపడుతుంది. చెప్పకపోతే రేపు మరొకరు కనుగొని పేరు కొట్టివేస్తారు. అందుచేత 1803 ఏప్రిల్‌లో పేరులేని ఒక కరపత్రం అచ్చువేయించి లండన్ రసాయనశాస్త్రజ్ఞులకు పంపించాడు. పల్లేడియం అనే కొత్త వెండి సోహో పేటలోని జెరార్డ్ వీధిలో ఫార్‌స్టర్ అనే ఆమె అంగడిలో దొరుకుతుందని, దాని గుణాలు ఫలానా అని అందులో ఉన్నది. చిన్న ముక్క ఐదు షిల్లింగులు. పెద్ద ముక్క ఒక గినీ. కనుగొన్నది ఎవరో, ఎందులోనుంచి తీశారో ఒక్క మాటైనా లేదు.

శాస్త్రజ్ఞుల సభలో ప్రకటించవలసిన దానిని బజారులో అమ్మడం చూచి చాలామంది ఇది మోసమనుకొన్నారు. రిచర్డ్ చెనెవిక్స్ అనే ఐరిష్ రసాయనశాస్త్రజ్ఞుడు ఆ అంగడిలోని సరుకంతా కొనివేసి ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఇది కొత్త లోహం కాదు, ప్లాటినాన్ని పాదరసంతో కలిపి చేసిన మిశ్రమం అని 1803 మేలో రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించాడు. తాను కూడ దానిని తయారుచేశానన్నాడు. ఆ సంవత్సరమే ఆయనకు సొసైటీవారి కోప్లే పతకం వచ్చింది! అంతకుముందు సంవత్సరం అదే పతకం పుచ్చుకొన్న వోలాస్టన్ నోరు విప్పలేదు. 1803 డిసెంబరులో మళ్ళీ పేరులేకుండా ఒక ప్రకటన వేయించాడు. ముగ్గురు రసాయనశాస్త్రజ్ఞుల ఎదుట ఇరవై గ్రెయిన్ల పల్లేడియం తయారుచేసి చూపినవారికి 20 పౌన్లు బహుమానం. ఎవరూ ముందుకు రాలేదు.

1804లో రోడియంపై వ్యాసం చదువుతూ, ప్లాటినం ఖనిజంలో పల్లేడియం ఉన్నదని వోలాస్టన్ సభకు తెలిపాడు. 1805 ఫిబ్రవరిలో పత్రికకు లేఖ వ్రాసి, ఆ కరపత్రం వేయించినది నేనే అని ఒప్పుకొన్నాడు. లోహానికి గౌరవం దక్కింది. చెనెవిక్స్ మాత్రం తలవంచుకోవలసి వచ్చింది. ఆయన తరువాత రసాయనశాస్త్రం వదలి సాహిత్యం వైపు మళ్ళి, 1830లో పారిస్‌లో చనిపోయాడు. ఈ విషయంలో వోలాస్టన్‌ను నేను పూర్తిగా సమర్థించలేను. తోటివాడు తప్పుదారిలో పోతున్నాడని తెలిసి రెండేళ్ళు చూస్తూ ఊరకుండడం పెద్దమనిషి తరహా కాదు. వ్యాపార రహస్యం కాపాడుకోవడం ఒకటి, మనిషిని నవ్వులపాలు కానివ్వడం మరొకటి.

తక్కిన విషయాలలో ఆయన ప్రతిభకు జోహారు చెప్పవలసినదే. సూర్యకాంతిని పట్టకంలో చూచి నల్లని గీతలు ఉన్నాయని 1802లో మొదట గుర్తించినవాడు ఆయనే. ఎదుటి దృశ్యాన్ని కాగితంపై గీసుకొనేందుకు కెమెరా లూసిడా అనే చిన్న పరికరాన్ని కల్పించాడు. 1809లో, ఆవగింజంత స్ఫటికం కోణాలనైనా కాంతి ప్రతిబింబంతో కొలిచే గోనియోమీటరు తయారుచేశాడు. రత్నాలను, ఖనిజాలను గుర్తుపట్టడంలో అది గొప్ప ముందడుగు. గాజును కోసే వజ్రం ఎందుకు చక్కగా కోస్తుందో 1816లో ఒక వ్యాసం వ్రాశాడు. లోపమున్న పెద్ద వజ్రాన్ని లండన్ నగల వర్తకులవద్ద చవకగా కొని, అది సహజంగా చీలే దిక్కు కనిపెట్టి చీల్చి, మంచి ముక్కలను మళ్ళీ వారికే లాభానికి అమ్మాడని కూడ చెప్పుకొంటారు. మన కృష్ణాతీరపు కొల్లూరు గనుల వజ్రాలు యూరపు రాజుల నగలకెక్కిన కథ మనకు తెలుసు. వోలాస్టన్ నాటికి ఆ గనుల వైభవం తగ్గి బ్రెజిల్ రాళ్ళు బజారులో నిండాయి.

ఆయన ప్రయోగశాలలోకి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. ఒకమారు ఒక విదేశీ శాస్త్రజ్ఞుడు చూపమని కోరగా, నౌకరుచేత ఒక టీ పళ్ళెం తెప్పించాడట. కొన్ని గాజు పలకలు, ఒక చిన్న త్రాసు వంటివి - అంతే. అది కట్టుకథ అయినా కాకపోయినా, గ్రెయినులో పదోవంతు పదార్థంతో పని జరుపుకోగలిగిన నేర్పరి అనడానికి సరిపోతుంది. 1820లో కొన్ని నెలలు రాయల్ సొసైటీ అధ్యక్షుడిగా ఉండి, సర్ హంఫ్రీ డేవీకి ఆ స్థానం విడిచిపెట్టాడు. పెళ్ళి చేసుకోలేదు.

ప్లాటినం ఆయనకు ధనం తెచ్చింది. తుపాకుల నిప్పురంధ్రాలకు, గంధకామ్లం కాచే పాత్రలకు దానిని కొన్నారు. పల్లేడియం మాత్రం అమ్ముడుపోలేదు. ఇరవై ఏళ్ళలో సుమారు 300 ఔన్సులు తీశాడు. అందులో చాలా భాగం ఇంట్లోనే పడి ఉంది. 1828లో మెదడులో కంతి లేచి ఒక ప్రక్క చేయి పట్టు తప్పినప్పుడు, ఇక ఎంతో కాలం లేదని తెలిసి, తన రహస్యాలను లేఖకులచేత వ్రాయించాడు. ప్లాటినం పద్ధతిపై వ్యాసం ఆ నవంబరులో సభలో చదివారు. రాయల్ సొసైటీకి 2,000 పౌన్లు, భూగర్భశాస్త్ర సంఘానికి 1,000 పౌన్లు ఇచ్చాడు. చివరి గడియలో పక్కనున్నవారు స్పృహ పోయిందనుకొంటే, సైగచేసి కాగితం తెప్పించుకొని, అంకెలు వ్రాసి, కూడి, సరియైన మొత్తం వేసి చూపాడట. 1828 డిసెంబరు 22న కన్నుమూశాడు. అప్పట్లో కెంట్ మండలంలో ఉన్న చిసిల్‌హర్స్ట్‌లో సమాధి ఉన్నది.

ఎవరూ కొనని ఆ లోహం నగలలోకి రావడానికి వందేళ్ళకు పైగా పట్టింది. 1924లో మన దక్షిణాఫ్రికాలోనే హాన్స్ మెరెన్‌స్కీ బుష్‌వెల్డ్ ప్రాంతంలో గొప్ప ప్లాటినం పొరను గుర్తించాడు. అందులో ప్లాటినంతోపాటు పల్లేడియం కూడ విస్తారంగా ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో ప్లాటినం యుద్ధ పరిశ్రమలకే కావాలని అమెరికా ప్రభుత్వం నగలలో దాని వాడకం ఆపివేయగా, నగల పనివారు పల్లేడియం పట్టుకొన్నారు. కొద్దిగా రుథేనియం కలిపి గట్టిపరచి, వజ్రాలు, నీలాలు, కెంపులు పొదిగి ఉంగరాలు, బ్రోచిలు, చెవికమ్మలు చేశారు. యుద్ధం ముగిసి ప్లాటినం తిరిగి రాగానే చాలామంది దీనిని మరచిపోయారు. అందుచేతనే పాత పల్లేడియం నగలు తక్కువ. దొరికినవాటిలో చాలా వరకు 1940ల నాటివి. నూరేళ్ళు నిండితేనే పురాతనమని పట్టుబట్టేవారు ఇంకా కొంతకాలం ఆగవలసి ఉంటుంది.

గుర్తుపట్టడం ఎలా? మొదట చేతిలో పట్టుకొని చూడండి. ప్లాటినం నీటికంటె 21 రెట్లు బరువు. పల్లేడియం 12 రెట్లు మాత్రమే. కనుక తెల్లని పెద్ద బ్రోచి ప్లాటినంవలె కనబడుతూ తేలికగా ఉంటే అనుమానించవచ్చు. వెండి కూడ తేలికే, కాని వెండి నల్లబడుతుంది. ఇది సాధారణంగా నల్లబడదు. వెనుకవైపు భూతద్దంతో చూస్తే అమెరికా నగలపై పల్లేడియం అనే మాటగాని, దానిలో మొదటి నాలుగు అక్షరాలుగాని ఇంగ్లీషులో ముద్రవేసి ఉండవచ్చు. బ్రిటన్‌లో పల్లేడియంకు అధికార ముద్ర 2009లో మొదలై 2010 నుండి తప్పనిసరి అయినది. ఎథీనా దేవి తల ఆ గుర్తు. కాబట్టి 1940ల బ్రిటిష్ నగపై ఆ తల కనబడితే ముద్ర తరువాత వేయించినదని తెలుసుకోవాలి. ముద్ర లేనంతమాత్రాన వెండి అనుకోరాదు.

ఆమ్లపు పరీక్ష ఇంట్లో చేయకండి. నత్రికామ్లంలో వెండి రంగు లేకుండా కరుగుతుంది, పల్లేడియం ఎర్రని గోధుమరంగు ఇస్తుంది, ప్లాటినం చలించదు. కాని ఆ పని తెలిసినవారు చేయాలి, నగకు మచ్చ పడుతుంది. విరిగిన కొక్కెం అతికించమని మామూలు కంసాలికి ఇచ్చేముందు లోహం పేరు చెప్పండి. వెండి అనుకొని మంట పెడితే పైన నీలిరంగు పొర కట్టవచ్చు. రాళ్ళను ఊడదీసి వేరే నగలో వేయించుకోవాలనే ఆలోచన కూడ తొందరపడి చేయరాదు. పాత కోత వజ్రం, దానికోసమే చేసిన కుదురు కలిసి ఉంటేనే కూడబెట్టేవారు విలువ ఇస్తారు.

2019లో పల్లేడియం ధర బంగారాన్ని మించింది. మోటారుకార్ల పొగను శుద్ధిచేసే పరికరాలలో దాని వాడకం పెరగడమే కారణం. తరువాత ఆ ధర బాగా పడిపోయింది. భూగర్భశాస్త్ర సంఘంవారు వోలాస్టన్ పేర 1831 నుండి ఇస్తున్న పతకం మొదట బంగారంతో చేసేవారు. 1846 నుండి 1860 వరకు పల్లేడియంతో చేశారు. మళ్ళీ కొంతకాలం బంగారం. 1930 నుండి తిరిగి పల్లేడియం.

పెదనాన్నగారి రసీదు మా ఇంట్లో భద్రంగా ఉన్నది. పండుగకు మీ పెట్టెలు తెరచినప్పుడు నగలతోపాటు అడుగున మడతపెట్టిన కాగితాలను కూడ ఒకసారి విప్పి చదవండి.