హెన్రీ పిడింగ్టన్

హెన్రీ పిడింగ్టన్ (జనవరి 7, 1797 - ఏప్రిల్ 7, 1858) ఆంగ్లేయ నావికుడు, వాతావరణ పరిశోధకుడు. సుడి తిరుగుతూ ముందుకు సాగే గాలివానకు "సైక్లోన్" అన్న పేరు పెట్టినవాడుగా ప్రసిద్ధుడు. అంతకంటే విలువైన పని ఈయన మరొకటి చేశాడు. బంగాళాఖాతంలోను, పరిసర సముద్రాలలోను తిరిగే ఓడల కెప్టెన్లు రాసుకున్న దినచర్యలను ఒకచోట చేర్చి, వాటినుండి తుఫానుల నడకను రాబట్టి, ఆ జ్ఞానాన్ని పాలకుల నిర్ణయాలలోకి తీసుకుపోవడానికి ప్రయత్నించాడు.

జీవిత విశేషాలు

పిడింగ్టన్ ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో జన్మించాడు. భారత, చైనా తీరాల వర్తకపు ఓడలలో పనిచేసి కెప్టెన్ అయ్యాడు. 1830 ప్రాంతంలో సముద్రయానం చాలించి కలకత్తాలో స్థిరపడ్డాడు. ఈయన ఆసక్తులు అనేకం. 1832లో భారతదేశపు మొక్కల పేర్లకు ఒక సూచికను ప్రచురించాడు. కలకత్తాలోని ఆర్థిక భూగర్భశాస్త్ర మ్యూజియానికి క్యూరేటరుగా ఉన్నాడు. ఓడ ప్రమాదాలపై విచారణ జరిపే మెరైన్ కోర్టుకు అధ్యక్షుడుగా కూడా పనిచేశాడు.

లాగ్ పుస్తకాల సేకరణ

1838లో విలియం రీడ్ అనే సైనిక ఇంజనీరు తుఫానుల సూత్రాల గురించి ఒక గ్రంథం వెలువరించాడు. అది చదివిన పిడింగ్టన్, ఆ సూత్రాలు బంగాళాఖాతానికి ఎంతవరకు వర్తిస్తాయో తేల్చాలని పూనుకున్నాడు. తుఫాను మధ్యలో చిక్కుకున్న ఒక్క కెప్టెనుకు తన చుట్టూ ఉన్న గాలి తప్ప మరేమీ తెలియదు. అదే సమయంలో వేర్వేరు చోట్ల ఉన్న పది ఓడల లాగ్ పుస్తకాలు చేతికి వస్తే తుఫాను కేంద్రం ఎక్కడ ఉన్నదో, ఎటు కదిలిందో పటంపై గుర్తించవచ్చు. ఈ పనికి ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం తోడ్పడింది. సమాచారం అందజేయవలసిందిగా రేవు అధికారులను కోరింది.

వచ్చిన లాగ్ పుస్తకాలను సరిచూడడం తేలిక కాదు. కొన్నింటిలో రోజు అర్ధరాత్రికి కాక మధ్యాహ్నానికి మొదలయ్యేది. తుఫానులో కొట్టుకుపోయిన ఓడ తన స్థానాన్ని ఉజ్జాయింపుగానే రాసుకునేది. పిడింగ్టన్ వీటన్నిటినీ పోల్చి, ఓడల పేర్లతో, కెప్టెన్ల పేర్లతో సహా పట్టికలుగా వేసి బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. తన నిర్ణయంతో ఏకీభవించనివారు మూల సమాచారాన్ని స్వయంగా పరిశీలించుకొనే వీలు ఈ విధంగా కలిగింది. ఇటువంటి వ్యాసాలు ఇరవైకి పైగా వచ్చాయి.

వీటిలో రెండవది తెలుగువారికి సంబంధించినది. అది 1839 నవంబరులో గోదావరి డెల్టాలోని కోరంగి రేవును తాకిన తుఫాను గురించినది. 1789 డిసెంబరులో అదే రేవును వరుసగా మూడు ఉప్పెన కెరటాలు ముంచెత్తిన వృత్తాంతాన్ని కూడా ఈయన తన గ్రంథంలో చేర్చాడు. 1839 ఉప్పెనలో మూడు లక్షల మంది మరణించారని చాలాచోట్ల కనబడుతుంది. కోరంగికి, చుట్టుపక్కల గ్రామాలకు అది చాలా పెద్ద సంఖ్య కనుక నమ్మదగినదిగా తోచదు.

నావికుల పుస్తకం

1844లో భారత, చైనా సముద్రాలకోసం ఒక చిన్న పుస్తకాన్ని, 1848లో దానిని విస్తరించి "సెయిలర్స్ హార్న్ బుక్" అనే గ్రంథాన్ని ప్రచురించాడు. హార్న్ బుక్ అనగా పూర్వం ఇంగ్లండులో పిల్లలకు అక్షరాలు నేర్పడానికి వాడిన, పలుచని కొమ్ము రేకు కప్పిన పలక. పేరుకు తగినట్లే ఈ పుస్తకంతోపాటు గాలి దిశలు గీసిన రెండు పారదర్శక రేకులు ఇచ్చేవారు. ఒకటి ఉత్తరార్ధగోళానికి, మరొకటి దక్షిణార్ధగోళానికి. రేకును సముద్ర పటంపై ఉంచి కేంద్రం ఎటువైపు ఉన్నదో నావికుడు తెలుసుకొనేవాడు. "సైక్లోన్" అన్న పదం ఈ 1848 గ్రంథంలోనే కనబడుతుంది. పాము చుట్టను కూడా సూచించే గ్రీకు పదం నుండి దానిని తీసుకున్నాడు. గాలి కచ్చితమైన వృత్తంలోనే తిరుగుతుందని చెప్పకుండా, తిరుగుడును మాత్రం తెలిపే మాట కావాలన్నది ఈయన ఉద్దేశం.

అయినా రేకులపై గీసినవి వృత్తాలే. గాలి కేంద్రం వైపు ఒరుగుతూ తిరుగుతుందని, వృత్త సూత్రాన్ని గుడ్డిగా నమ్మితే ఓడ ప్రమాదంలో పడవచ్చని తరువాత మారిషస్‌లో చార్లెస్ మెల్డ్రమ్ మొదలైనవారు చూపారు.

పోర్ట్ క్యానింగ్ వివాదం

హుగ్లీ నది పూడిపోతున్నదన్న భయంతో, కలకత్తాకు ఆగ్నేయంగా మాతలా నదిపై కొత్త రేవు నిర్మించాలన్న ఆలోచన బయలుదేరింది. 1853లో పిడింగ్టన్ గవర్నర్ జనరల్ డల్హౌసీకి ఒక బహిరంగ లేఖ రాసి ముద్రించాడు. ఆ ప్రదేశం ఏనాడో ఒకనాడు ఉప్పెన పాలు కాక తప్పదని, అక్కడ పట్టణం కట్టరాదని అందులో హెచ్చరించాడు. ఆ హెచ్చరికకు ఆధారం ఈయన ఏళ్ళ తరబడి సేకరించిన సమాచారమే. ప్రభుత్వం దానిని లక్ష్యపెట్టలేదు. 1858లో పిడింగ్టన్ కలకత్తాలో మరణించాడు. ఆ తరువాత రేవు, పట్టణం, రైలు మార్గం నిర్మాణమయ్యాయి.

1864 అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నాన్ని తుఫానులు తాకాయి. మచిలీపట్నంలో సుమారు 30 వేల మంది మరణించారు. కలకత్తా తుఫానుపై గాస్ట్రెల్, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ 1866లో వెలువరించిన నివేదికకు కూడా ఓడల లాగ్ పుస్తకాలు ముఖ్య ఆధారమయ్యాయి. కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినప్పుడు బ్లాన్‌ఫర్డే దానికి తొలి అధిపతి అయ్యాడు.

1867 నవంబరు 1 రాత్రి వచ్చిన తుఫానుకు పోర్ట్ క్యానింగ్‌లో నీరు సుమారు ఆరు అడుగుల ఎత్తున ప్రవేశించింది. రేవు కట్టడాలు దెబ్బతిన్నాయి. కొద్ది సంవత్సరాలకు ఓడల రాకపోకలు నిలిచిపోయాయి. క్యానింగ్ నేడు సుందరవనాలకు వెళ్ళే ప్రయాణికులు దిగే రైల్వే స్టేషనుగా మిగిలింది.